తోటకు తోడుగా వెళ్ళే అతుకుల సంచి: ఒక కేస్ స్టడీ

మొదటి సంచి నాలుగు వారాలకే నా టేబుల్ మీదికి తిరిగొచ్చింది. పట్టీ కుట్టిన చోట, పైవరుసలో రెండు ముక్కల మధ్య కుట్టు విచ్చుకుని లోపలి అస్తరు కనిపిస్తోంది. అడుగంతా మట్టి చారలు. తెచ్చినావిడ మాత్రం వాటి గురించి పెద్దగా మాట్లాడలేదు. "కుట్టు ఊడితే మళ్ళీ వేస్తావు, అది సరే. కానీ అమ్మా, నీ దగ్గర చూసినప్పుడు ఎంత బాగుందో, తోటలోకి వెళ్ళగానే అంత నీరసంగా అయిపోతోంది ఈ సంచి. ఎందుకంటావ్?" అన్నారు.

కుట్టు ఎందుకు విచ్చుకుందో చూడగానే తెలిసింది. రంగులు ఎందుకు నీరసించాయో తెలియడానికి మాత్రం మిషన్ దగ్గర్నుంచి లేచి, ఆవిడతో పాటు మూడుసార్లు తోటకు వెళ్ళాల్సి వచ్చింది. 14 ఏళ్లుగా పాతబట్టల ముక్కలతో సంచులు, బొంతలు కుడుతున్నాను. ఒక సంచిని అది తిరిగే చోటికి వెళ్ళి చూసి కుట్టడం ఇదే మొదటిసారి. ఆ రెండో సంచి కథే ఇది.

సంచిలో ఏముంటుంది?

ఆవిడ స్కూల్లో సైన్స్ చెప్పి రిటైరయ్యారు. నేను టీచర్‌గారూ అనే పిలుస్తాను. రోజూ పొద్దున రెండు గంటలు ఇంటి దగ్గరి పార్కులో, వారానికి రెండు రోజులు కాస్త దూరంలో ఉన్న పెద్ద తోటలో గడుపుతారు. గబగబా నడిచి చెమట పట్టించే నడక కాదు ఆవిడది. ఒక మొక్క దగ్గర ఆగి, కింద గుడ్డ పరుచుకుని కూర్చుని, ఒకే ఒక్క ఆకు బొమ్మ వేస్తారు. దానికి నలభై నిమిషాలైనా పట్టొచ్చు. సంచి కోసం ఇంట్లోంచి తెచ్చిన మూటలో కాటన్ చొక్కాలు, దిండు గలేబులు, ఒక పాత కర్టెన్, కూతురి చిన్నప్పటి గౌన్లు రెండు ఉన్నాయి.

మొదటిసారి నేను "ఎంత సైజు కావాలి?" అని మాత్రమే అడిగాను. తప్పు అక్కడే జరిగింది. సైజు అడిగితే ఎవరైనా చేతులతో గాలిలో చూపిస్తారు. రెండోసారి "రోజూ పట్టుకెళ్ళేవన్నీ ఈ టేబుల్ మీద పెట్టండి" అన్నాను. లీటరు నీళ్లు నింపిన స్టీలు బాటిల్ 1.3 కిలోలు, బొమ్మల నోటుబుక్ 350 గ్రాములు, మడత గొడుగు 300, కూర్చునే గుడ్డ 250, భూతద్దం, కళ్ళజోడు, పెన్సిళ్ల పౌచ్ కలిపి మరో 200. మొత్తం 2.4 కిలోలు. అందులో సగానికి పైగా బరువు ఒక్క బాటిల్‌దే. మొదటి సంచిలో ఆ బాటిల్ ఒక పక్కకు వాలి, అటువైపు పట్టీ మీద భారమంతా వేసేది. ఆ పట్టీ ఏమో పైవరుస ముక్కలకు కుట్టి ఉంది. ముక్కల మధ్య పావు అంగుళం మార్జిన్, అంటే కుట్టుకు అవతల మిగిలే గుడ్డ, తప్ప ఇంకేం లేదు. ఊడక ఏమవుతుంది?

తోటలో మూడు పూటలు

ఇంటి నుంచి వెళ్ళేటప్పుడు మూటలోని ప్రతి గుడ్డ నుంచి ఒక చిన్న పీలిక కత్తిరించి, మొత్తం 26 పీలికలు ఒక దారానికి గుచ్చి పట్టుకెళ్ళాను. మొక్క పక్కన ఒక్కో పీలికా పట్టుకుని, చేయి చాచి చూడటం, అంతే పని. ఈ చిన్న పనికి ఇంత ఫలితం ఉంటుందని నేను అనుకోలేదు.

మొదట ఆకుపచ్చలన్నీ పట్టి చూశాను. ఏదీ కలవలేదు. ఏ ఆకుపచ్చ గుడ్డ పట్టినా ఆకు పక్కన రంగేసిన గుడ్డలాగే ఉంది. టీచర్‌గారు నవ్వి, ఒక కొమ్మను వంచి చూపించారు. చివర లేత చిగురు రాగిరంగులో ఉంది. దాని కింది ఆకు మీద ఎండ పడి, నున్నటి పైభాగం ఆకాశాన్ని అద్దంలా చూపిస్తూ నీలం కలిసిన తెలుపులో మెరుస్తోంది. అదే ఆకును ఎండకు అడ్డంగా ఎత్తి పట్టుకుంటే నిమ్మపండు రంగు. ఇక కంచె మొక్కల లోపల, కొమ్మల సందుల్లో ఉన్న నీడ ఆకుపచ్చే కాదు. నా దారంలో దానికి సరిగ్గా కుదిరింది ఏమిటంటే, ఉతికి ఉతికి వెలిసిన నేవీబ్లూ చొక్కా పీలిక. మన కంటికి తోట అంతా పచ్చగా అనిపిస్తుంది గానీ, అందులో పచ్చదనం కంటే వెలుగునీడలే ఎక్కువ. మొదటి సంచిలో నేను వెలుగూ పెట్టలేదు, నీడా పెట్టలేదు.

అక్కడే బెంచీ మీద పాత సంచిని పెట్టి ఫోన్‌లో ఫోటో తీసి, బ్లాక్ అండ్ వైట్‌కి మార్చాను. ఎరుపు, ఆకుపచ్చ, ఇటుకరంగు, మెరూన్ అన్నీ కలిసి ఒకే బూడిదరంగు ముద్ద. ట్యూబ్‌లైటు కింద టేబుల్ మీద ఒకదాన్నొకటి మెరిపించుకున్న రంగులు పది అడుగుల దూరం నుంచి ఒకదాన్నొకటి మింగేస్తున్నాయి. రంగులు వేరు వేరుగానే ఉన్నాయి, కానీ వాటి ముదురుదనం అన్నిటికీ ఒక్కటే. ఫోన్ లేకపోయినా కళ్ళు సగం మూసి చూస్తే ఇదే తెలుస్తుంది. ఈ సంగతి నాకు ముందే తెలుసు, బొంతలు కుట్టేటప్పుడు వాడతాను కూడా. "తోట సంచి" అనగానే తోట రంగులు పెట్టాలన్న తొందరలో దాన్ని మర్చిపోయాను.

బట్టలతో పని చేసేవాళ్ళకు ఈ సమస్య కొత్తది కాదు. పారిస్‌లో గోడకు వేలాడదీసే బొమ్మల తెరలు (టేపెస్ట్రీలు) నేసే గోబెలిన్ కార్ఖానాలో 1824 నుంచి రంగుల అద్దకానికి అధిపతిగా ఉన్న రసాయన శాస్త్రవేత్త షెవ్రల్‌కి ఒక ఫిర్యాదు వచ్చింది. నల్ల ఉన్ని నల్లగా కనిపించడం లేదని. ఆయన పరీక్షించి చూస్తే అద్దకంలో లోపం లేదు. పక్కన నేసిన రంగు వల్ల ఆ నలుపు కంటికి వెలిసినట్టు కనిపిస్తోంది. పక్కపక్కనున్న రంగులు ఒకదాన్నొకటి ఎలా మార్చేస్తాయో 1839లో ఆయన పుస్తకంగా వేశాడు. అందులో దారాలతో పాటు తోటలో పూలమొక్కలు ఏ రంగు పక్కన ఏది నాటాలన్న చర్చ కూడా ఉంది. గుడ్డకూ తోటకూ ఒకే లెక్క అని ఆయన దాదాపు రెండు వందల ఏళ్ల కిందటే చెప్పాడన్నమాట.

నాకు మరీ ఇష్టమైన ఉదాహరణ ఇంగ్లండ్‌కు చెందిన గెర్ట్రూడ్ జెకిల్. ఆమె 1843లో పుట్టి 1932లో పోయారు. ముందు చిత్రకళ నేర్చుకున్నారు, ఎంబ్రాయిడరీ చేశారు. చూపు బాగా మందగించడంతో సూదిపని తగ్గించి తోటల వైపు మళ్ళారు. తన ఇల్లు మన్‌స్టెడ్ వుడ్‌లో దాదాపు 200 అడుగుల పొడవున్న పూలబారు వేశారు. రెండు చివర్లా బూడిద, నీలం లాంటి చల్లని రంగులు, మధ్యకు వచ్చేకొద్దీ పసుపు, నారింజ, నట్టనడుమ ఎరుపు. నడిచేవాళ్ళ కళ్ళు చల్లదనంలోంచి వేడిలోకి వెళ్ళి మళ్ళీ చల్లదనంలోకి వస్తాయి. 200 అడుగుల అమరికను సంచి ఒక పక్కకు పట్టే 18 అంగుళాల గుడ్డలోకి తేవచ్చా అని టీచర్‌గారిని అడిగితే, వెంటనే నోటుబుక్‌లో తొమ్మిది గళ్లు గీసి ఇచ్చారు. సంచికి ప్లాన్ అదే.

మూడో పూట సాయంత్రం వెళ్ళాం. ఇది ఆవిడ పట్టుదల. "సంచి పొద్దునే కాదు, చీకటి పడేటప్పుడు కూడా నాతో ఉంటుంది కదా" అన్నారు. వెలుతురు తగ్గేకొద్దీ ఎర్ర మందారాలు నల్లబడిపోయాయి. నీలం, తెలుపు పూలు మాత్రం లోపల దీపం ఉన్నట్టు కనిపించడం మొదలైంది. సైన్స్ టీచర్ కదా, అక్కడే చెప్పారు. చెక్ శాస్త్రవేత్త పుర్కింజే 1825లో దీని గురించి రాశాడట. వెలుతురు బాగా ఉన్నప్పుడు మన కన్ను 555 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న వెలుగును, అంటే పసుపు కలిసిన ఆకుపచ్చను బాగా పట్టుకుంటుంది. మసక వెలుతురులో అది 507 దగ్గరికి, నీలం వైపు జరుగుతుంది. నా దారంలోని ఎర్ర పీలికను, లేతనీలం పీలికను పక్కపక్కన పట్టుకుని చూస్తే ఆవిడ చెప్పింది కళ్ళెదుటే జరిగింది. అప్పటిదాకా నా లిస్టులో లేని లేతనీలం చొక్కా అలా సంచిలోకి వచ్చింది.

పసుపు గురించి ఒక మాట. మొదటి సంచి మూత మొత్తం నిండు పసుపు. గడ్డి మీద పెట్టినప్పుడల్లా దాని మీద సన్నటి పురుగులు వాలేవని ఆవిడ చెప్పారు. తోటల్లో, గ్రీన్‌హౌసుల్లో పేనుబంక, తెల్లదోమల కోసం పసుపు జిగురు అట్టలు వేలాడదీసేది ఇందుకే. ఆ రంగుకి అవి వస్తాయి. తోటకు తీసుకెళ్ళే సంచిలో పసుపు చిటికెడే ఉండాలి.

కట్టింగ్, కుట్టు

కుట్టాక సంచి 14 అంగుళాల వెడల్పు, 15 ఎత్తు, 4 అంగుళాల అడుగు ఉండాలని తేల్చుకున్నాం. అడుగు కోసం మూలలు మడిచి కుడితే వెడల్పులో 4, ఎత్తులో 2 అంగుళాలు పోతాయి. కాబట్టి ఒక్కో పక్క ప్యానెల్ 18 వెడల్పు, 17 ఎత్తు రావాలి. అందులో కింది 5 అంగుళాలు ముదురు బూడిదరంగు కాన్వాస్, పై 12 అంగుళాలు ముక్కలు. మంచులో తడిసిన గడ్డి మీద, మట్టి మీద కూర్చునేది కాన్వాసే. ముక్కలు నేలను తాకవు. ఒక్కో ముక్క కుట్టాక 2 అంగుళాలు వచ్చేలా రెండున్నరకు కత్తిరించాను. అడ్డంగా 9, నిలువుగా 6, రెండు పక్కలా కలిపి 108 ముక్కలు. 24 లేతవి, 48 మధ్యరకం, 36 ముదురువి. పసుపు ముక్కలు లేతవాటిలోనే కలిపి మొత్తం ఐదు.

పాత చొక్కాల్లో అన్ని చోట్లా గుడ్డ ఒకేలా ఉండదు. మోచేతులు, మెడ, భుజాల దగ్గర పోగులు అరిగిపోయి ఉంటాయి. చేత్తో తడిమితే తెలియదు, కిటికీకి అడ్డంగా పట్టుకుంటే వెలుతురు జల్లెడలోంచి వచ్చినట్టు వస్తుంది. అలాంటి చోట్లన్నీ పక్కన పెట్టాను. ముక్కలన్నీ నిలువు పోగు చూసుకుని కోశాను. ఏటవాలుగా కోస్తే ఇస్త్రీ తగలగానే సాగుతుంది, చదరం కాస్తా గాలిపటం అవుతుంది. గౌనులోని ఎర్ర గుడ్డను తడిపి తెల్లగుడ్డతో రుద్దితే గులాబీరంగు అంటింది. రంగు పోవడం ఆగేదాకా దాన్ని నాలుగుసార్లు ఉతికాకే కత్తెర పెట్టాను.

పాతబట్టలు కుంచించుకుపోయేంత కుంచించుకుపోయే ఉంటాయి. కొత్త కాన్వాస్ అలా కాదు. దీన్ని పట్టించుకోకపోతే మొదటి ఉతుకులోనే కాన్వాస్ బిగుసుకుని పైన ముక్కలన్నీ ముడతలు పడతాయి. 20 అంగుళాల కాన్వాస్ ముక్కను వేడినీళ్లలో నానబెట్టి ఆరేస్తే 19 అయింది. కాబట్టి మొత్తం కాన్వాస్ ముందే నానబెట్టాలి, ఇందులో మొహమాటం లేదు.

ఇక ముక్కలు కలపడం. అతుకుల పనిలో పావు అంగుళం మార్జిన్ అంటే పావు అంగుళమే. మొదటి వరుస కుట్టి టేపు పెడితే 18న్నర రావాల్సింది పదిహేడున్నరే వచ్చింది! ఒక అంగుళం ఎక్కడికి పోయింది? ఒక్కో కుట్టులో మార్జిన్ అంగుళంలో పదహారో వంతు ఎక్కువ పట్టింది. కుట్టుకు రెండు ముక్కలుంటాయి కాబట్టి పోయేది ఎనిమిదో వంతు. తొమ్మిది ముక్కలకు ఎనిమిది కుట్లు, సరిగ్గా అంగుళం. కంటికి కనిపించని తేడా. ఆ వరుస విప్పేసి, సూది నుంచి పావు అంగుళానికి వెంట్రుకవాసి తక్కువ దూరంలో మిషన్ ప్లేటు మీద టేపు అంటించి, గుడ్డ అంచు దాన్ని ఆనుకుని నడిచేలా కుట్టాను. ఆ వెంట్రుకవాసి ఎందుకంటే, కుట్టు మడత తిరిగేచోట దారం మందానికి కాస్త గుడ్డ పోతుంది. తర్వాతి వరుసలన్నీ లెక్కకు వచ్చాయి.

మొదటి వరుస మార్జిన్లన్నీ కుడివైపుకి, రెండో వరుసవి ఎడమవైపుకి ఇస్త్రీ చేస్తే, రెండు వరుసలూ కలిపేటప్పుడు కూడలి దగ్గర మడతలు ఒకదానికొకటి గాడిలో కూర్చుంటాయి. వేళ్లతో తడిమితే "టక్"మని ఆగినట్టు తెలుస్తుంది. అప్పుడు మూలలు వాటంతటవే కలుస్తాయి. ఇస్త్రీపెట్టెను మాత్రం రుద్దకూడదు. పెట్టాలి, ఎత్తాలి.

అమరిక టీచర్‌గారి తొమ్మిది గళ్ల ప్రకారమే. నడుమ మూడు నిలువు వరుసలు ఇటుక, ఎరుపు, రాగి. రెండు చివర్లా బూడిద, నీలం, లేతనీలం. ముదురు ముక్కలు కింద కాన్వాస్ వైపు చేరి, లేతవి పైనుంచి కుడివైపుకి వాలుగా, ఆకుల సందుల్లోంచి పడే ఎండలాగా దిగాయి. నేల మీద పరిచి, స్టూలెక్కి, ఫోటో తీసి, బ్లాక్ అండ్ వైట్‌లో చూసి, కొన్ని మార్చి, మళ్ళీ తీసి... ఇలా 11 ఫోటోలు అయ్యాయి. కుట్టడం కంటే ఈ పనికే నాకు ఎక్కువ సమయం పట్టింది, అది దండగ అని నాకు అనిపించలేదు.

ముక్కల వెనక పలచని పాత దుప్పటి ఒక పొర పెట్టి, గాడుల వెంబడే మళ్ళీ కుట్టు నడిపాను. సంచికి నిలబడే బలం వచ్చింది. ముక్కలకు 12 నంబరు సూది, కాన్వాస్‌కి 14. అస్తరుకు కావాలనే మీగడరంగు తీసుకున్నాను. ముదురు అస్తరు మురికిని దాచిపెడుతుంది, నిజమే, కానీ పెన్సిల్‌నీ దాచేస్తుంది. ఒక చొక్కా ఎదభాగాన్ని జేబుతో సహా కోసి అస్తరులో కలిపాను. ఆ జేబులో భూతద్దం పడుతుంది. ట్రయల్‌కి వచ్చినప్పుడు టీచర్‌గారు ఆ జేబు మీద చెయ్యి పెట్టి కాసేపు అలాగే నిలబడ్డారు. ఎవరి చొక్కా అని నేను అడగలేదు.

పట్టీ ఎక్కడ ఆనాలి

మొత్తం కేసులో బలం గురించి నేను నేర్చుకున్నది ఇక్కడే. పట్టీని పై అంచుకి కుడితే బరువు పైనుంచి కిందికి ప్రతి ముక్కనూ లాగుతుంది. ఈసారి రెండు అంగుళాల వెడల్పు పట్టీని పక్క అంచుల మీదుగా దించి, కాన్వాస్ దాకా తీసుకెళ్ళి, అక్కడ చదరంగా కుట్టి లోపల అడ్డగీతలు వేశాను. ఇప్పుడు 2.4 కిలోలనూ మోసేది కాన్వాస్, పట్టీ మాత్రమే. ముక్కలు గోడకు తగిలించిన బొమ్మలాగా హాయిగా ఉంటాయి. బాటిల్‌కి వెనక ప్యానెల్ మధ్యలో విడిగా ఒక గొట్టంలాంటి జేబు కుట్టాను, అది ఇక ఏ పక్కకూ వాలదు.

పట్టీ పొడవు మాత్రం టేబుల్ దగ్గర తేలలేదు. ఆవిడ వంగి మొక్కను చూసేటప్పుడు సంచి ముందుకు జారి, చూస్తున్న మొక్కనే కొడుతోంది. ఇది తోటలో నా కళ్ళతో చూశాను, గులాబీ రేకులు రాలిపోయాయి. పట్టీకి సైజు మార్చుకునే బకిల్ పెట్టి, అడ్డంగా వేసుకున్నప్పుడు సంచి తుంటి దగ్గర కాకుండా నడుం దగ్గర బిగుతుగా ఆగేలా చూసుకున్నాం. వంగినా కదలడం లేదు.

ఎనిమిది నెలల తర్వాత

మొత్తం పని ఆరు రోజుల్లో 19 గంటలు పట్టింది. ఎనిమిది నెలలు రోజూ వాడాక చూపించమని ముందే అడిగి పెట్టుకున్నాను, తీసుకొచ్చారు. ముక్కల కుట్లలో ఒక్కటీ కదల్లేదు. కాన్వాస్ అడుగు మూలల్లో కొంచెం నూగు లేచింది. లేతనీలం ఇంకాస్త వెలిసింది, దాంతో సాయంత్రం పూట ఇంకా బాగా కనిపిస్తోందని ఆవిడ అంటున్నారు, నాకూ అలాగే అనిపించింది. నాలుగుసార్లు ఉతికారు, ఎరుపు అంటలేదు. పసుపు ముక్కల మీద పురుగులు ఇప్పటికీ ఒకటీ అరా వాలుతున్నాయట. "రానీలే, వాటిని కూడా బొమ్మ వేస్తున్నాను" అన్నారు.

సంచిని తిరగేసి దులిపితే పెన్సిళ్ల జేబు అడుగు మూలల్లోంచి గింజలు రాలాయి. బంతివి, ఇంకేవో సన్నవి, ఒక ఎండిన ఫెర్న్ ముక్క. మూలలు కోసుగా ఉండటం వల్ల అక్కడ ఇరుక్కుని, ఉతికినప్పుడు ఒకటి రెండు మొలకెత్తి అస్తరుకు పచ్చటి మరక కూడా చేశాయి. గింజలన్నీ కాగితంలో పొట్లం కట్టి ఆవిడకిచ్చాను. ఆ జేబు విప్పి, అడుగు గుండ్రంగా ఉండేలా మళ్ళీ కుట్టి, మర్నాడు పొద్దున నడక టైముకి అందేలా పంపించాను.